జననాట్యమండలి పాట: గద్దర్, వంగపండు శైలుల పరస్పర పూరకత్వం

ఉపోద్ఘాతం

విశాఖపట్నం జాలరిపేట వంటి తీరపల్లెల్లో వల లాగే పాటకు ఒక నిర్మాణం ఉంది. ఒకరు పదం అందిస్తారు. తక్కినవారు 'హైలెస్సా' అంటూ అందుకుంటారు. అందించే గొంతు, అందుకునే గొంతు వేరువేరు పనులు చేసినప్పుడే వల కదులుతుంది. ఒకే బృందంలో ఇద్దరు పాటకర్తలు ఉన్నప్పుడు వారి శైలీభేదాన్ని కూడా ఈ దృష్టితో పరిశీలించవచ్చు. 1965లో వెలువడిన బీటిల్స్ రాక్ బృందం పాట 'వి కెన్ వర్క్ ఇట్ అవుట్'లో మెకార్ట్నీ చరణాలు ఆశను పలికితే, లెనన్ రాసిన నడిమి భాగం జీవితం స్వల్పమని తొందరపెడుతుంది. తెలుగులో ఇటువంటి పూరకత్వానికి 1972లో రూపొందిన జననాట్యమండలి ప్రధాన ఉదాహరణ.

గద్దర్: నిలిపి చెప్పే పాట

మెదక్ ప్రాంతపు తూప్రాన్‌కు చెందిన గద్దర్ తొలినాటి పాట 'ఆపర రిక్షా'. శీర్షికలోనే విధ్యర్థక క్రియ ఉంది. పాటగాడు శ్రామికుణ్ణి నిలిపి, అతని బతుకును అతనికే వివరిస్తాడు. గొంగడి, గజ్జెలతో సాగే ప్రదర్శనలో పాట మధ్య మాట చేరుతుంది. మాట మళ్లీ పాటలోకి మళ్లుతుంది. బుర్రకథలోని కథకుడు, వంతల సంబంధం ఇక్కడ కనిపిస్తుంది. సభను బట్టి పాట నిడివి పెరుగుతుంది.

వంగపండు: వెంట పిలిచే పాట

పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చి విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు పాట 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. ఇది శ్రీకాకుళ పోరాటం వైపు పిలిచే పాట. అయినా ఇందులో పిలుపు ఆజ్ఞగా గాక, తోటివాణ్ణి అడిగే ప్రశ్నగా వినిపిస్తుంది. 'వెళ్దాం', 'వస్తావా' అనే రెండు రూపాల్లోనూ పదాది వకారం లోపించింది, దీర్ఘాలు హ్రస్వమయ్యాయి, రెండు పదాలు ఒక్క ఊపులో కలిసిపోయాయి. దీన్ని శిష్టరూపంలోకి సవరిస్తే అర్థం మిగులుతుంది గాని నడక మిగలదు. మాండలికం ఇక్కడ అలంకారం కాదు, లయకు ఆధారం.

పూరకత్వం, కర్తృత్వం

రెండూ మధ్యమపురుషను సంబోధించే పాటలే. ఒకటి శ్రోతను ఆపి ఆలోచింపజేస్తుంది. మరొకటి కదిలించి వెంట తీసుకుపోతుంది. ప్రజాసభకు ఈ రెండూ అవసరం. వివరణ మాత్రమే ఉంటే సభ ఉపన్యాసమవుతుంది. పిలుపు మాత్రమే ఉంటే కారణం తెలియని ఉత్సాహంగా మిగులుతుంది. వంగపండు పాటలను గద్దర్ పాడినప్పుడు ఉత్తరాంధ్ర పలుకుబడి తెలంగాణ వేదికల మీదికి చేరింది.

అయితే బృందగానంలో గాయకుని ప్రఖ్యాతి రచయితను మరుగుపరచే ప్రమాదం ఉంది. 'మా భూమి' చిత్రంలో గద్దర్ గొంతుతో ప్రసిద్ధమైన 'బండెనక బండి కట్టి' పాటను అతని రచనగా భావించేవారున్నారు. దాని కర్త తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. వంగపండు పాటలను అజ్ఞాతకర్తృక జానపదాలుగా లెక్కించడం కూడా ఇటువంటి పొరపాటే.

ముగింపు

వంగపండు 2020లో, గద్దర్ 2023లో మరణించారు. వారి పాటలను ఇకపై గ్రంథస్థం చేసేవారు రచయిత, గాయకుడు, ప్రదర్శన పాఠం అనే మూడింటినీ విడివిడిగా నమోదు చేయాలి. మాండలిక రూపాలను సవరించకూడదు. ఈ భేదాలు చెరిగిపోతే, ఇద్దరి శైలులు ఒకదానికొకటి ఏమి అందించాయో తెలుసుకునే ఆధారమే ఉండదు.