పొగగొట్టం దొరికితే... బాయిలరు బతికినట్టే!

ఒంటినిండా రాగి. చిల్లు లేదు, సొట్ట లేదు. చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది. అయినా అటకెక్కింది. కారణం... మూరెడు పొగగొట్టం! కట్టెల బాయిలరున్న చాలా ఇళ్లలో ఇదే కథ. సరైన గొట్టం దొరక్క కొన్ని అటకల మీద మగ్గుతుంటే, మరికొన్ని కాటా ఎక్కి తుక్కు కింద పోతున్నాయి.

ధనుర్మాసం వచ్చిందంటే నర్సీపట్నంలో తెల్లవారుజామున దుప్పటి తీయబుద్ధి కాదు. ఇక్కణ్నుంచి ఘాట్‌ రోడ్డెక్కితే సుమారు ముప్పై కిలోమీటర్లలో లంబసింగి. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊరిని ‘ఆంధ్రా కశ్మీర్‌’ అంటారు. అక్కడి చలిలో కొంత వాటా కింద ఉన్న నర్సీపట్నానికీ తప్పదు. ఇప్పుడు ఇంటింటా గీజర్లు వచ్చాయి. నిజమే. కానీ కరెంటు పోయిన పొద్దున, ఇంటినిండా చుట్టాలున్న పండగ పూట గుర్తొచ్చేది పాత బాయిలరే. నాలుగు పుల్లలు, గుప్పెడు కొబ్బరి డొక్కలు చాలు, ఇంటిల్లిపాదికీ వేణ్నీళ్లు!

కడుపులో నిప్పు

బాయిలరు చూడ్డానికి రాగి డ్రమ్ములా ఉన్నా దాని కిటుకంతా లోపలుంది. నడిమధ్యన అడుగు నుంచి పైదాకా ఓ గొట్టం. దాని చుట్టూ నీళ్లు. గొట్టం అడుగున ఇనప జాలీ, దాని కింద బూడిద రాలే చోటు. మంట గొట్టంలో పైకి పోతూ చుట్టూ ఉన్న నీళ్లను కాస్తుంది. కొన్ని రకాల్లో గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే అవి అడుక్కి చేరి, తేలికై పైకొచ్చిన వేణ్నీళ్లు కొమ్ములోంచి బయటికొస్తాయి. రష్యావాళ్లు టీ కాచుకునే సమోవర్‌దీ ఇంచుమించు ఇదే పోలిక.

ఈ నడిమి గొట్టం మీద తొడిగేదే పొగగొట్టం. పొగను బయటికి పంపడమొక్కటే దాని పని కాదు. వేడిగాలి పైకి పోతున్నకొద్దీ కింద జాలీలోంచి కొత్త గాలిని లాగుతుంది. గొట్టం పొట్టిదైనా, మసితో పూడినా మంట రాజుకోదు. అంటే అది బాయిలరుకి ఊపిరితిత్తి లాంటిది.

అలాంటి గొట్టమే అన్నిటికన్నా ముందు పాడవుతుంది. రాగి తరతరాలు ఉంటుంది గానీ పైన తొడిగే రేకు తుప్పు పడుతుంది. పచ్చి కట్టెలు పెడితే మరీ చేటు. వాటి తడి ఆవిరై, పొగతో కలిసి గొట్టం లోపల జిగురు మసిలా పేరుకుంటుంది. అందులోని ఆమ్లాలు రేకును తినేస్తాయి.

దారంతో కొలత

‘బాయిలరు గొట్టం ఇవ్వండి’ అంటే కొట్టువాడు తెల్లమొహం వేస్తాడు. ఎందుకంటే బాయిలర్లన్నీ ఒక్క కొలతవి కావు. ఒక్కో కంచరి చేతిలో ఒక్కోలా తయారయ్యాయి. కాబట్టి బజారుకెళ్లే ముందే కొలత చేతిలో ఉండాలి. పాత గొట్టం చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగిస్తే సరి. దారం 24 సెంటీమీటర్లు వస్తే గొట్టం వెడల్పు సుమారు 7.6 సెంటీమీటర్లు, అంటే మూడంగుళాలు. బాయిలరు మూతిని మాత్రం లోపలివైపు స్కేలు పెట్టి కొలవాలి. పాత ముక్క ఎంత తుప్పుపట్టినా పారేయకుండా వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

విదేశీ కట్టెల బాయిలర్లతోనూ ఇదే తంటా. ఐరోపా కొలత 150 మిల్లీమీటర్లు. అమెరికాది ఆరంగుళాలు, అంటే 152.4 మిల్లీమీటర్లు. తేడా రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. అయినా ఒకటి ఇంకోదాంట్లోకి దిగదు! రెంటినీ కలిపే ముక్క విడిగా ఉండాల్సిందే.

ఇక నడిమి గొట్టమే కారుతుంటే రేకు పనివారి వల్ల కాదు, రాగి పని తెలిసినవారి దగ్గరికే వెళ్లాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్లు లేకుండా మంట పెడితే దాంతో వేసిన మాటు ఊడిపోయేది అందుకే. పైగొట్టం, మోచేతి వంపు, వాన పడకుండా పెట్టే టోపీ మాత్రం బకెట్లు, ట్రంకుపెట్టెలు చేసే రేకు పనివారు చేయగలరు. బెల్లం పొయ్యిల సీమ కదా, మంటకు తట్టుకునే ఇనుము ఏదో ఇక్కడివారికి ఒకరు చెప్పక్కర్లేదు.

‘ఎలాగో సరిపోయింది’ వద్దు

ప్లాస్టిక్‌ పైపు వేడికి మెత్తబడి వంగిపోతుంది. సిమెంటు రేకు గొట్టం చిట్లుతుంది. జింకు పూసిన రేకు బాగా కాలితే పూత చెడి, హానిచేసే పొగ వస్తుంది. మామూలు నల్లరేకు గానీ స్టెయిన్‌లెస్‌ స్టీలు గానీ మేలు. బిగించేటప్పుడు పై గొట్టం కొస కింది గొట్టం నోట్లోకి దిగాలి. అప్పుడే మసినీరు బయటికి కారదు. వంపు తప్పనిసరైతే నిటారుగా మలిచే ఒక్క వంపు కన్నా ఏటవాలువి రెండు నయం. తాటాకు, కర్ర, గుడ్డ... ఏదైనా సరే గొట్టానికి అడుగున్నర దూరంలో ఉండాలి.

ఇంత పట్టింపు దేనికంటే, అది ప్రాణాలతో పని కనుక. కట్టె, బొగ్గు సరిగా కాలనప్పుడు కార్బన్‌ మోనాక్సైడ్‌ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మంట ఆరినా నిప్పు కణకణలాడుతున్నంతసేపూ వస్తూనే ఉంటుంది. తలుపులేసిన స్నానాలగదిలో తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే చలివల్ల అనుకోకూడదు. వెంటనే బయటికి రావాలి. గొట్టం లేని బాయిలరును ఆరుబయట తప్ప ఇంట్లో వెలిగించనే కూడదు.

వెనకటికి పెళ్లిలో పెట్టిన బిందెల మీదా బాయిలర్ల మీదా పేర్లు చెక్కించేవారు. తుక్కుకొట్టు కాటాకు ఆ పేరుతో పనిలేదు, బరువే కావాలి. ఈ చలికాలం అటక మీది బాయిలరు దించితే అమ్మేముందు ఓసారి దారం తీసుకుని కొలవండి. మూరెడు గొట్టం దొరికితే నాయనమ్మ పేరున్న ఆ రాగి కడుపులో మళ్లీ నిప్పు రాజుకుంటుంది.