పసివారికి ప్రాణుల కానుకలా?

పండుగ వచ్చినదన్న పిల్లల చేతిలో ఏదో యొక కానుక పెట్టుట మన గృహములలో తరతరముల ఆచారము. తాతగారు కొత్తబట్టలు కుట్టింతురు. మేనమామ తీర్థములో ఏటికొప్పాక లక్కబొమ్మ కొనియిచ్చును. విజయనగరమున విజయదశమి దాటిన మంగళవారము జరుగు పైడితల్లి సిరిమానోత్సవము మొదలుకొని అరసవల్లి రథసప్తమి వరకు, గ్రామదేవతల సంబరములలోను, సంక్రాంతి మూడు దినములలోను, పిల్లవాని ముఖమున సంతోషము చూడవలెనని పెద్దలు కోరని పండుగ లేదు. ఆ కోరికను మేము తప్పుపట్టము. కాని బొమ్మల సరసనే ప్రాణమున్న జీవులను పెట్టి అమ్ముట, వానిని బొమ్మలవలెనే కొని పసివారి చేతికిచ్చుట ధర్మమగునా యని ప్రశ్నింపక తప్పదు. ఆకుపచ్చ, గులాబి రంగులు పులిమిన కోడిపిల్ల, గాజుగిన్నెలో బంగారుచేప, పంజరములో చిలుక, పట్టణములలోనైనచో కుందేలు, కుక్కపిల్ల: ఇవి నేటి కానుకలలో చేరియున్నవి.

రంగుల కోడిపిల్ల సంగతి ముందుగా విచారింతము. ఇది ఎచ్చటనుండి వచ్చుచున్నది? గ్రుడ్లకొరకు పెంచు జాతులలో విలువ పెట్టకే. హేచరీలో పిల్లలు పుట్టిన దినముననే పెట్టలను, పుంజులను వేరుచేయుదురు. ఆ జాతి పుంజు గ్రుడ్డు పెట్టదు. మాంసమునకై పెంచు జాతివలె త్వరగా బరువెక్కదు. దానికి మేత వేయుట వ్యాపారికి నష్టము. కనుక పుట్టిననాడే అది అక్కరలేని ప్రాణి యగును. అట్టివానిలో పెక్కు చంపబడును. కొన్ని అతి చౌకగా బయటి కమ్మబడి, రంగునీట మునిగి, తట్టలలో తీర్థములకు వచ్చును.

కోడిపిల్ల గ్రుడ్డునుండి వెలువడుటకు ముందు పచ్చసొనలో మిగిలిన భాగమును తన కడుపులోనికి తీసికొనును. ఆ బలముతో రెండు మూడు దినములు మేతయు నీరును లేకున్నను బ్రతుకగలదు. అందుచేతనే అమ్ముచోట అది చురుకుగా తిరుగుచు, కిచకిచలాడుచు, ఆరోగ్యముగా కానవచ్చును. కాని మొదటి వారమున దానికి సుమారు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. తల్లి రెక్కలక్రింద లభించునది అదియే. పుష్యమాసపు రాత్రి వసారాలో అట్టపెట్టెయందు ఒంటరిగా నుంచిన పిల్లకు ఆ వెచ్చదన మెక్కడిది? లోపలి సొన తరిగిపోవును, బయటి చలి తగ్గదు. మూడవనాడో నాల్గవనాడో పిల్లవాడు నిద్రలేచి చూచునప్పటికి అది కదలదు. దాని ఆయుర్దాయ మంతేయని పెద్దలు ఓదార్తురు. ఆయుర్దాయము లేక కాదు, వెచ్చదనము లేక అది చచ్చినది. ఈ సంగతి పిల్లవానికి చెప్పువారు అరుదు.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి గలదు. ఎవరికిని అక్కరలేని ప్రాణియే కానుకగా మారుచున్నది. ఇది నేటి వింత కాదు. కఠోపనిషత్తున వాజశ్రవసుడు యజ్ఞముచేసి తన సర్వస్వమును దానమిచ్చుచు, ఇక పాలీయని, మేత మేయుటకు కూడ శక్తిలేని ముసలి ఆవులను దక్షిణగా తోలించెను. అది చూచి కలతపడినవాడు పండితుడు కాడు, ఋత్విజుడు కాడు. అతని కుమారుడైన నచికేతుడు, బాలుడు. ఇట్టి దాన మిచ్చువాడు సుఖములేని లోకములకు పోవునని అతడు తలచెను. నన్నెవరికిత్తువని తండ్రిని మూడుమారులు అడిగెను. దానమను పేరుతో భారము దించుకొనుట దానము కాదని గ్రహించుటకు మన పూర్వు లొక బాలుని ఎన్నుకొనుట యూరకనే జరిగినది కాదు.

మనకు దగ్గరలోనే మరియొక నిదర్శనము గలదు. విజయనగర గజపతుల వంశీయులు అనువంశిక ధర్మకర్తలుగా నున్న సింహాచల క్షేత్రమునకు భక్తులు కోడెదూడలను మొక్కుగా సమర్పించుట చిరకాలపు ఆచారము. భక్తిని మేము ప్రశ్నింపము. కాని నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చిన పిమ్మట కోడెకు ఇంట పని తగ్గినది. పాలు విడువని లేతదూడలను సైతము తల్లినుండి వేరుచేసి కొండకు తెచ్చుట పెరిగినది. 2013లో ఆ దేవస్థానపు గోశాలలో దూడలు పెద్దసంఖ్యలో మరణించుట రాష్ట్రమంతటను ఆందోళన కలిగించెను. దేవునికిచ్చినను, బిడ్డకిచ్చినను న్యాయ మొక్కటియే. ఇచ్చినదానిని పోషింపగల చోటు ఉన్నదా లేదా యని విచారింపని దానము ఆ ప్రాణికి దండనయే యగును.

ఇక చిలుక సంగతి. రామచిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. 2022లో సవరింపబడిన ఆ చట్టమున చిలుక రెండవ షెడ్యూలునందు చేర్పబడినది. చెట్టుతొఱ్ఱలోని గూటినుండి రెక్కలు రాని పిల్లలను తీసి తెత్తురు. తెచ్చినవానిలో ఎన్నియో దారిలోనే చచ్చును. బ్రతికినదానికి ఈకలు కత్తిరింతురు. పంజరములోని చిలుక ఇరువది యేండ్లకు పైగా జీవింపగలదు. ఎనిమిదేండ్ల బాలున కిచ్చిన చిలుక అతడు చదువు ముగించి, ఉద్యోగమునకై హైదరాబాదుకో బెంగుళూరుకో పోయిన తరువాతను ఆ పంజరముననే యుండును. శ్రీకూర్మ క్షేత్రమున కూర్మనాథుని సన్నిధిని సంరక్షింపబడు నక్షత్ర తాబేళ్లను చూచి ముచ్చటపడని పిల్లలు లేరు. అట్టిదొకటి మన యింట నుండిన బాగుండునని వారడుగుట సహజము. కాని పెంపుడు వ్యాపారమునకై ఈ తాబేళ్లను అడవులనుండి దొంగచాటుగా వేలకొలది తరలించుచుండుటచే 2019లో అంతర్జాతీయ ఒప్పందము క్రింద వీని వాణిజ్యము సంపూర్ణముగా నిషేధింపబడినది. పిల్లలు కోరిరని తాబేలును కొనువాడు ఆ దొంగకు జీతమిచ్చినవా డగుచున్నాడు. తాబేళ్ల మూలమున పసిపిల్లలకు సాల్మొనెల్లా వ్యాధి సోకుచుండుటచే నాలుగంగుళములకు లోబడిన తాబేళ్ల అమ్మకమును అమెరికా ప్రభుత్వము 1975లోనే నిషేధించినదను సంగతియు తల్లిదండ్రు లెరుగవలెను. కోడిపిల్లల వలనను ఆ వ్యాధి వచ్చుట గలదు. అయిదేండ్లలోపు బిడ్డలకు అది మరింత ప్రమాదకరము.

కుక్కపిల్ల విషయమున మరియొక వాదము వినబడుచున్నది. బిడ్డకు దయ నేర్పుటకు అంతకు మించిన గురువు లేదందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. 2013లో అమెరికాలో ప్రకటితమైన యొక పరిశోధనలో, కుక్కనో పిల్లినో కానుకగా పొందిన పెద్దలలో నూటికి 96 మంది, కానుకగా వచ్చినందున తమ ప్రేమ ఏమాత్రమును తగ్గలేదని చెప్పిరి. నూటికి 86 ప్రాణు లప్పటికిని ఆ యిండ్లలోనే యుండెను. కనుక కానుకగా వచ్చిన ప్రతి ప్రాణియు వీధిపాలగునని మేము చెప్పము. కాని ఆ పరిశోధనలో ఉత్తరమిచ్చినవారు పెద్దవారు. ఆహారము కొనువారు, వైద్యునియొద్దకు తీసికొనిపోవువారు, పొరుగూరు పోవునపుడు ఏర్పాటుచేయువారు వారే. పసివాని చేతిలోని కుక్కపిల్లకు యజమాని యెవరు? పేరునకు బిడ్డ, పనికి తల్లి. ఆమె నడుగకుండ మేనమామ తెచ్చిన కుక్కపిల్ల పదిరెండేండ్ల చాకిరి. ఇంగ్లండు దేశమున కుక్క జీవితాంతమునకే గాని క్రిస్మసునకు మాత్రమే కాదను ప్రచారము 1978లో మొదలయ్యెను. పదునారేండ్లలోపు వారికి ప్రాణిని అమ్మరాదని అచ్చటి 2006 నాటి చట్టము శాసించుచున్నది. మన దేశమున 2017 నాటి నిబంధనల ననుసరించి ఎనిమిది వారములు నిండని కుక్కపిల్లను అమ్మరాదు. 2018 నాటి నిబంధనల ననుసరించి పెంపుడుజంతువుల దుకాణము నమోదు కావలెను. కొనువారిలో ఈ నిబంధనలను గురించి అడుగువా రెందరు?

ప్రాణిని బిడ్డకు అప్పగించుట మన సంప్రదాయమున లేదా యని అడుగవచ్చును. కలదు. ఆడపిల్లకు ఆవును అరణముగా నిచ్చుట మన రైతుకుటుంబముల మర్యాద. ఈనిన ఆవుదూడను చూపి, ఇది నీదిరా యని తాత మనుమనితో చెప్పుట మన పల్లెలలో కొత్త కాదు. కాని అచ్చటి పద్ధతి వేరు. దూడ తల్లి ఆ శాలలోనే యున్నది. గడ్డివామి దొడ్డిలోనే యున్నది. రోగము వచ్చిన గుర్తుపట్టు పెద్దవాడు ఇంటనే యున్నాడు. బిడ్డ దూడను కొనలేదు. దూడవద్ద పని నేర్చుకొన్నాడు. కనుమనాడు దానిని కడిగి, కొమ్ములకు రంగుపూసి, మెడలో గంటకట్టి దండముపెట్టుట ఆ సంవత్సరపు సేవకు ముగింపు మాత్రమే. అరణపు ఆవు వెళ్లు నింటను శాల గలదో లేదో చూచియే పంపెడువారు. ఇచ్చువానికిని, పుచ్చుకొనువానికిని, నడుమ నున్న మూగజీవమునకును సరిపడునట్లు ఆలోచించిన పద్ధతి యది. అట్టపెట్టెలోని రంగుకోడిపిల్లకు దీనితో పోలికయే లేదు.

మరి ఆ కోడిపిల్ల వలన బిడ్డ నేర్చునదేమి? మొదటినాడు దానిని అందరును ముద్దుచేయుదురు. నాల్గవనాడు ఎవరును చూడనప్పుడు పారవేయుదురు. ఏడ్చిన బిడ్డకు మరియొకటి కొందుమని మాటయిత్తురు. ఒక ప్రాణము పోయినచో ఇరువది రూపాయలతో మరియొక ప్రాణము వచ్చునను పాఠము ఆ లేతమనస్సున నాటుకొనును. దయ నేర్పుదుమని మొదలుపెట్టిన పని దయను మొద్దుబార్చుటతో ముగియును. మాంసము తినువారికి ఈ కోడిపిల్లపై ఇంత కనికర మెందుకని పరిహసించువారును గలరు. తిండి వివాదములోనికి మేము దిగము. తినువానికైనను ఒక అవసర మున్నది. ఈ కోడిపిల్ల చావువలన ఎవని యాకలియు తీరలేదు, ఎవని పనియు జరుగలేదు.

తట్ట నెత్తిన పెట్టుకొని తీర్థములు తిరుగు పేదవానిపై నింద మోపుట మా యుద్దేశము కాదు. అతడు కొనువారుండుటచే అమ్ముచున్నాడు. బుడగలు కొన్నచో బుడగలే అమ్మును. మార్పు కొనువారియొద్దనే మొదలు కావలెను. చట్టమును నమ్మి కూర్చుండుటకు వీలులేదు. రుక్మిణీదేవి అరండేలు రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు వలన కదలిక వచ్చి 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసినది. 1962లో ఆమె అధ్యక్షతను జంతుసంక్షేమ మండలి ఏర్పడినది. ఆకలిదప్పులతో బాధపడునట్లు ప్రాణిని విడిచిపెట్టుట ఆ చట్టమున నేరమే. కాని మొదటి నేరమునకు శిక్ష పది రూపాయలకు తక్కువ గాకుండ యేబది రూపాయలవరకు జరిమానా! ఆరు దశాబ్దములు గడచినను ఆ మొత్తము మారలేదు. స్వతంత్రదేశపు శాసనసభ్యులు ఈ విషయమున ఇంతకాలము మిన్నకుండుట శోచనీయము. ప్రాణులయెడల దయగలిగియుండుట పౌరుని విధియని 1976లో రాజ్యాంగమున వ్రాసికొన్న మనము, ఆ విధి వెల యేబది రూపాయలని ఒప్పుకొన్నట్లున్నది.

అయినను స్థానికముగా చేయదగిన పని గలదు. తీర్థములలో దుకాణములకు ఆశీలు పాట పెట్టునది పంచాయతీలు, పురపాలక సంస్థలు, దేవస్థానములు. సజీవప్రాణులను బొమ్మలుగా అమ్మరాదను షరతు నొకదానిని పాటకాగితములో చేర్చుటకు కొత్త చట్ట మక్కరలేదు, ఖర్చును లేదు. ఊరి పెద్దలు, రైతులు, ఉపాధ్యాయులు ఒక్కమారు పట్టుపట్టినచో వచ్చు సంక్రాంతికే ఇది సాధ్యము.

పిల్లల సంతోషమునకు లోటు రాదా యందురేమో. టెక్కలి మండలములోని తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దూరప్రదేశములనుండి వచ్చి గ్రామములోని చెట్లపై గూళ్లు కట్టుకొనును. ఇచ్ఛాపురము చెంత తేలుకుంచికి వానకాలమున నత్తగుల్ల కొంగలు వచ్చును. ఆ గ్రామస్థులు వానిని అతిథులుగా భావించి, అవి వచ్చుట శుభమని తలచి, కాపాడుచున్నారు. వానిలో ఒక్కటియు ఎవనికిని సొంతము కాదు. ఆ యూరి పిల్లలకు మాత్రము అన్నియు తమవే. సెలవులలో బిడ్డలను ఒక దినము అచ్చటికి తీసికొనిపొండు. కుక్కను పెంచవలెననిన, ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఎవరు ఏ పని చేయుదురో నిశ్చయించుకొని, పండుగ హడావిడి తగ్గిన తరువాత, వీధిలో దిక్కులేక తిరుగుదానిని తెచ్చుకొండు. అంతవరకు బిడ్డకు ప్రాణిని గాక ఒక పని నిండు: పెరటిగోడపై పక్షులకు మట్టిమూకుడులో నీళ్లు నింపు పని, శాలలో దూడకు గడ్డి వేయు పని. కోతలు ముగిసి కొత్త ధాన్యము ఇంటికి వచ్చునప్పుడు చూరునకు వరికంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలను పిలుచుట మన పెద్దల వాడుక. ఈ పండుగకు ఆ కుచ్చును బిడ్డచేతనే కట్టింపుడు. పిచ్చుకలు తమంతట తాము వచ్చును, తిని పోవును, మరునాడు మరల వచ్చును. వానికొరకు ఆ బిడ్డ తెల్లవారుజామున లేచి ఎదురుచూచును. పండుగనాడు పెద్దలు పసివాని కీయదగిన ప్రాణికానుక అదియేయని మా నమ్మకము.