హికారు వాళ్ళమ్మ

జపాను దేశంలో ఒక బొమ్మల నవల వచ్చింది. పేజీ నిండా బొమ్మలు, వాటి పక్కనే మాటలు. రాసిందీ గీసిందీ కేయికో తోబె అనే ఆమె. 2000లో మొదలుపెట్టింది. దాని పేరుకు మన భాషలో "వెలుగుతో కలిసి" అని అర్థం. పూర్తి కాకుండానే 2010లో ఆమె చనిపోయింది.

కథ ఏమిటంటే, సచికో అనే ఆమెకు పొద్దు పొడిచే వేళ కొడుకు పుడతాడు. హికారు అని పేరు పెడతారు. వెలుగు అన్నమాట. ఆ బిడ్డ ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తాడు. పిలిస్తే పలకడు. తల్లి మొహంలోకి చూడడు. చెవుడేమో అనుకుంటారు. చివరికి ఆటిజం అని తెలుస్తుంది.

అత్తగారు ఏమంది? నీ పెంపకమే బాగాలేదంది. మొగుడు ఆఫీసు పని అంటూ పట్టించుకోలేదు. జపానైనా గుడివాడైనా ఈ మాటలు ఒకటే!

చదువుకున్నవాళ్ళు కూడా తల్లినే అన్నారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు ఇలాంటి పిల్లల గురించి రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పెద్ద పెద్ద డాక్టర్లే, తల్లికి ప్రేమ లేక బిడ్డ ఇలా అయ్యాడన్నారు. అది తప్పని 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ పుస్తకం రాశాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే.

ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులో తేడా. పెంపకం వల్ల రాదు. గ్రహణం చూసినందుకు రాదు. టీకాల వల్లా రాదు. దీన్ని పోగొట్టే మందు లేదు. ఉందని డబ్బు గుంజేవాళ్ళను నమ్మకండి. కొందరు పిల్లలకు మాటలు అసలు రావు. పెద్దయినా తోడు కావాలి. కానీ నేర్పితే నేర్చుకుంటారు.

ఎలా నేర్పాలి? హికారుకు బొమ్మలు చూపించి చెబుతారు. అన్నానికి కంచం బొమ్మ. స్నానానికి చెంబు బొమ్మ. మీరు కూడా వాచకంలో బొమ్మ చూసే కదా అక్షరం పట్టుకున్నారు! రోజూ ఒకే వేళకు ఒకే పని జరిగితే ఈ పిల్లలు నెమ్మదిగా ఉంటారు. నవలలో మొగుడు కూడా మారతాడు. కొంచెం ఆలస్యంగా లెండి.

మన వైపు ఇంకో భయం ఉంది. కాలవ. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటి పిల్ల కాలవలు ఊళ్ళ మధ్య నుంచే పోతాయి. ఈ పిల్లలు చాలామంది చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోతారు. కొందరికి నీళ్ళంటే మహా ఇష్టం. ప్రమాదం తెలియదు. పిలిస్తే పలకరు. అందుకని తలుపుకు పిల్లవాడికి అందనంత ఎత్తున గొళ్ళెం పెట్టించండి. ఊడ్పులకు, కోతలకు పోయేటప్పుడు ఇంటి దగ్గర ఎవరికో ఒకరికి అప్పజెప్పండి. చిన్న గుడ్డ మీద పేరు, ఊరు, ఫోను నంబరు రాసి చొక్కా లోపల కుట్టండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా. కనపడకపోతే ముందు వెతకాల్సింది కాలవ గట్టునే.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే చూడడం లేదా? ఏడాదిన్నరకు ఒక్క మాటా రాలేదా? కావలసింది వేలితో చూపించడం లేదా? దుర్గమ్మకు మొక్కుకోండి, గుణదల మేరీమాతకు మొక్కుకోండి, తప్పులేదు. కానీ ఆ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయి, అదీ నిజమే. అది తేల్చేది డాక్టరే. బడి వయసు పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. బడి పంతులమ్మను అడగండి. సికింద్రాబాదులో కేంద్ర ప్రభుత్వం 1984లో పెట్టిన సంస్థ కూడా ఉంది.

2016 చట్టంలో ఆటిజాన్ని కూడా వైకల్యాల్లో చేర్చారు. సర్కారు ఆసుపత్రి డాక్టర్లు చూసి సర్టిఫికెట్టు ఇస్తారు. అందులో 40 శాతం, ఆ పైన ఉంటే పింఛనుకు అడగొచ్చు. 2024లో మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు చేశారు. సర్టిఫికెట్టు చేతికి రాగానే బిడ్డ పేరు, వయసు, శాతం సరిగా పడ్డాయో లేదో అక్కడే నిలబడి చదువుకోండి. తప్పు పడితే మళ్ళీ మళ్ళీ తిరగాలి.