కోల్ష్ బకెట్టూ, మా యింటి అంబలి కుండా

వైశాఖం వచ్చిందంటే మా బళ్లారిలో మధ్యాహ్నం పన్నెండు దాటిన తరువాత వీథిలో కాకి కూడా కనిపించదు. కోటగుట్ట, కుంబారగుట్ట పగలంతా కాగి కాగి, ఆ సెగను రాత్రి పది గంటల దాకా ఊరి మీదనే వదలుతుంటాయి. సత్యనారాయణపేటలో మాది పాత యిల్లు. ఆఫీసు నుండి భోజనానికి వచ్చి చెప్పులు విడిచేసరికి మా అమ్మ మాట్లాడకుండా ఒక చెంబు చేతికిస్తుంది. అందులో ఉండేది అంబలి. అది గొంతు దిగిన తరువాతనే మేము మనుష్యులమై పలకరించేది.

ఈ చెంబును గురించి ఇన్నేండ్లలో ఒకనాడైనా ఆలోచించినవారము కాము. ఆలోచింపజేసినవాడు మా అక్క కొడుకు. వాడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, కంపెనీ పని మీద ఆరు నెలలు జర్మనీలో ఉండి వచ్చినాడు. మొన్నటి ఏప్రిల్‌లో సెలవు పెట్టి వచ్చి, ఆటోలోనుంచి ఒక పెద్ద సంచీ, ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, పొడుగాటి థర్మామీటరు దించినాడు. సంచీలో నాలుగున్నర కిలోల మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. “మామా, మన స్టోరు గదిలో బీరు చేద్దాము. షాపులో దొరికే ఘాటు రకం కాదు, వేసవిలో తాగే తేలిక రకం” అన్నాడు.

వాడు చెప్పిన పానీయం పేరు కోల్ష్. రైన్ నది ఒడ్డునున్న కొలోన్ నగరానిది. లేత బంగారు రంగు, తేటగా ఉంటుందట. మద్యసారం నూటికి ఐదు పాళ్ళకు కొంచెం తక్కువ. ఆ పేరు పెట్టుకొనే విషయమై అక్కడి తయారీదారులు 1986లో తమలో తాము ఒక ఒప్పందం వ్రాసుకొన్నారు. 1997లో యూరపు సంఘం కూడా ఆ పేరుకు రక్షణ కల్పించింది. మన బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు వచ్చినట్లే ననుకోండి. అక్కడ దానిని ఇన్నూరు మిల్లీలీటర్లు పట్టే సన్నని గ్లాసులో ఇస్తారు. గ్లాసు ఖాళీ అయితే అడగకుండానే ఇంకొకటి తెచ్చిపెడతారు. చాలు అనుకొన్నవాడు గ్లాసు కింది అట్టముక్కను తీసి గ్లాసు మీద మూతగా పెట్టాలి. మా పెండ్లి పంక్తుల్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం వంటిదే నన్నమాట!

చేసే పద్ధతి కూడా వాడే చెప్పినాడు. మొలక బార్లీని పగులగొట్టి, అరవైఐదు డిగ్రీల వేడి నీటిలో గంటసేపు నానబెడితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిని వడకట్టి, చేదు కోసం హాప్స్ అనే తీగ పూలు వేసి గంట కాచాలి. చల్లార్చి ఈస్టు కలిపితే, అది చక్కెర తిని మద్యసారాన్ని, బుడగలను పుట్టిస్తుంది. ఆ ఈస్టుకు ఇరవై డిగ్రీలకు లోపల చల్లదనం ఉండాలి. ఆ తరువాత గడ్డకట్టేటంత చలిలో కొన్ని వారాలు నిలవ ఉంచితేనే ఆ తేటదనం వచ్చేది. మా స్టోరు గదిలో థర్మామీటరు ముప్పైఎనిమిది చూపించింది. ఫ్రిజ్‌లో పాలు, పూలు, ఇడ్లీ పిండి పోగా చెంబు పెట్టే చోటు లేదు. “ఐసు తెప్పిస్తాను మామా” అన్నాడు వాడు.

గుమాస్తాలము గనుక మాకు ముందుగా తోచింది చట్టం. మా రాష్ట్రంలో 1965 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే మత్తు పానీయం తయారు చేయరాదు. ఇంటి వాడకానికే అన్నా ఒప్పుకోరు. బ్రిటనులో 1963 నుండీ, అమెరికాలో 1978 నాటి చట్టం తరువాతా ఇంట్లో బీరు చేసుకోనిస్తున్నారని వాడు వాదించినాడు. ఆ దేశాల చట్టం సత్యనారాయణపేటలో చెల్లదని మేము చెప్పినాము.

కాని అసలు సంగతి చట్టం కాదు. పక్క గదిలో చేటలో బియ్యం చెరుగుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. మా నాన్నగారు సారాయి తాగి తాగి 1996లో పోయినారు. ఎస్.ఎస్.ఎల్.సి.తో మా చదువు ఆగి, గుమాస్తా కుర్చీలో కూర్చోవలసి వచ్చింది అందువల్లనే. ఇది మా యింట్లో ఎవరూ పైకి అనే మాట కాదు. బళ్లారి మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1948 నాటికి ఆ రాష్ట్రమంతటా మద్యనిషేధం ఉండేదని పెద్దలు చెప్పేవారు. కర్ణాటకలో సారాయి అమ్మకం ఆపినది 2007 జూలైలో. మా యింటికి ఆ ఉత్తరువు పదకొండేండ్లు ఆలస్యమయింది.

“ఈ యింట్లో ఆ వాసన రాకూడదు నాయనా. నేనుండే వరకూ రాకూడదు” అన్నది అమ్మ.

బీరు వేరు, సారాయి వేరు, అది బట్టీ పెట్టి దించేది కాదు అని వాడు అంటే, అన్నది నిజమే. కాని నిజం చెప్పడానికీ ఒక వేళ ఉంటుంది. వాడు అంతటితో ఊరుకోక, “నీ అంబలి కుండలో మాత్రం ఏముందవ్వా? అదీ పులిసినదే గదా!” అన్నాడు. మాకు ఒళ్ళు మండింది. అమ్మకు మాత్రం కోపం రాలేదు. కాసేపు ఆలోచించి, “నాది పులిసినాక కాగుతుంది. నీది కాగినాక పులుస్తుంది. అంతే తేడా” అన్నది.

పిల్లవాడు నోరు తెరచుకొని చూసినాడు. మేమూ చూసినాము. ఏబది యేండ్లుగా కుండ కడుగుతున్న మనిషి ఒక్క ముక్కలో తేల్చివేసింది.

మా అమ్మ చేసే తీరు ఇది. సాయంత్రం ఒక దోసెడు రాగిపిండిని మట్టికుండలో నీళ్ళతో జారుగా కలిపి, నిన్నటి పుల్లటి పిండినీళ్ళు ఒక గరిటెడు పోసి, పలుచని గుడ్డ కట్టి ఉంచుతుంది. చలికాలంలో రాత్రంతా పట్టేది వేసవిలో ఎనిమిది గంటలకే పులుస్తుంది. తెల్లవారి ఎసట్లో బియ్యపు నూకలు ఉడకనిచ్చి, ఆ పిండినీళ్ళు పోస్తూ ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతుంది. దించి, చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిగడ్డ. పక్కన ఊరమిరపకాయ ఉంటే సరే, లేకున్నా సరే. రాగులు లేనినాడు జొన్నపిండి. ఇక్కడ పనిచేసేది ముఖ్యంగా పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులు. వాటి వల్ల పుట్టేది పులుపు. ఆ పులుపులో చెడ్డ క్రిములు తొందరగా పెరగవు. ఎక్కడైనా చుక్క మద్యసారం పుట్టినా, మరిగేటప్పుడు చాలావరకు ఆవిరితో పోతుంది. మా మేనల్లుడు ఇదంతా చెపుతుంటే అమ్మ “ఊ” కొడుతూ ఉల్లిగడ్డ తరుగుతూనే ఉన్నది.

ఆ మరునాడు వాడి థర్మామీటరుకు వేరే పని దొరికింది. రాగులను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించినాము. మొదటి మూట పాడైపోయింది. ఎండకు భయపడి వాడు మాటిమాటికీ నీళ్ళు చల్లి, గాలి ఆడని డబ్బాలో పెట్టినాడు. రెండోనాటికి బూడిదరంగు బూజు, ముక్కు మూసుకొనే వాసన. అమ్మ దానిని పశువుకు కూడా పెట్టనియ్యలేదు, గుంత తీసి పూడ్పించింది. మొలక తెల్లగా, శుభ్రంగా ఉండి పచ్చివాసన వేయాలి. రెండో మూట బాగా వచ్చింది. ఎండబెట్టి, మొలకలు నలిపి చెరిగి, కమ్మని వాసన వచ్చేవరకు సన్నసెగ మీద వేయించి, విసిరించినాము. ఒక గుప్పెడు మాత్రం వేయించకుండా విడిగా పిండి చేసినాడు.

అప్పుడు వాడు చేసిన వింత చెప్పవలసినదే. తెడ్డు నిలబడేటంత చిక్కగా కాచిన రాగి జావ అరవైఐదు డిగ్రీలకు చల్లారేవరకు ఆగి, ఆ వేయించని మొలకపిండి రెండు చెంచాలు కలిపినాడు. పది నిమిషాలలో జావ నీళ్ళవలె జారిపోయింది. అరగంటకు రుచి చూస్తే, బెల్లం వేయకుండానే తియ్యదనం! కొలోన్‌లో బార్లీ చేసే పని మా యింట్లో రాగులు చేసినాయి. మైసూరులోని ఆహార పరిశోధనాలయం వారు మొలక రాగుల మీద పని చేసినది పసిపిల్లల ఆహారం కోసమే. జావ పలుచగా ఉంటే, నీళ్ళు ఎక్కువ పోయకుండానే ఎక్కువ పిండి బిడ్డ కడుపులోకి పోతుంది. సిక్కిం, నేపాలు కొండలలో ఇదే రాగితో బీరు వంటిది చేసి వెదురు గొట్టంతో పీలుస్తారని వాడు మెల్లగా చెప్పినాడు. అమ్మ వినలేదు, లేదా విననట్లు ఊరుకున్నది.

నూరు గ్రాముల రాగులలో సున్నం సుమారు మూడువందల యాబై మిల్లీగ్రాములు, బియ్యంలో పది కూడా కష్టమే. ఆంధ్రప్రదేశ్‌లో 2023లోనూ, కర్ణాటకలో 2024లోనూ బడిపిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టినారు. ఒక హెచ్చరిక: చక్కెర జబ్బు ఉన్నవారు మొలకరాగి జావ మీద ఎగబడరాదు. పిండి చక్కెరగా మారిందంటే అది మన రక్తానికీ చక్కెరే.

బార్లీ సంచీ సంగతి అడుగుతారేమో. అమ్మ దానిని మరకు పంపి పిండి పట్టించి, పాలతో జావ కాచి వీథిలో నలుగురు పిల్లలకు పోసింది. హాప్స్ పూల పొట్లాన్ని వాడు తిరిగి తీసుకొనిపోయినాడు. బకెట్టు మా స్నానాల గదిలో ఉన్నది.

పోతూ పోతూ ఒక చిన్న కుండ, కొంచెం పులుపు సీసాలో పోసుకొని పోయినాడు. మొన్న ఆదివారం ఫోను. “అవ్వా, నాలుగు రోజులు ఊర్లో లేను. కుండ పైన రంగురంగుల బూజు కట్టింది, తీసేసి వాడుకోనా?”

“వద్దు, పారేసెయ్. కుండ వేన్నీళ్ళతో కడిగి ఎండలో బోర్లించు” అన్నది అమ్మ. తరువాత మా వైపు తిరిగి, “రేపు రాత్రి బెంగుళూరు బస్సుకు ఎవరైనా పోతారేమో కనుక్కోరా, ముంతలో వేరే పులుపు పంపిస్తాము” అన్నది.