గోడను మింగే పూలచెట్లు

మీ ఇంటి గోడ పక్కన గన్నేరో, కాగితం పూల చెట్టో పెరిగిపోయి కిటికీని మూసేసిందా? అబుధాబి దగ్గర ఐకాడ్ అనే పారిశ్రామిక నగరం ఉంది. ముసఫ్ఫాలో ఉంది అది. ఫ్యాక్టరీలు, గోదాములు, కార్మికులుండే క్యాంపులు. ఎడారి నేలే అయినా ఈ రెండూ అటువైపు బాగా బతుకుతాయి. ఎండకు, కొంత ఉప్పుకు తట్టుకుంటాయి. డ్రిప్ పైపు నీళ్లు అందితే చాలు, చూస్తుండగానే గోడ ఎత్తు దాటేస్తాయి.

గల్ఫ్‌లో ఇలాంటి పనులు చేసేవాళ్లలో జగిత్యాల, నిజామాబాద్ వైపు మనవాళ్లూ ఉన్నారు. ఫిజీలో మీ పెద్దలది ఐదేళ్ల గిర్మిట్. వీళ్లది రెండేళ్ల వీసా. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం. మొక్కకూ అదే న్యాయం. నడి వేసవిలో గట్టిగా కత్తిరిస్తే, ఇన్నాళ్లూ నీడలో ఉన్న కొమ్మలు మాడిపోతాయి. చలికాలం వెళ్లిపోతుండగా కోయండి. అంటే అబుధాబిలో ఫిబ్రవరి, మార్చి. మారిషస్, ఫిజీ, డర్బన్‌లలో ఆగస్టు.

చాలామంది పైపైన, పెట్టెలాగా చదునుగా కోస్తారు. నాకది నచ్చదు. బయట ఆకులు గుబురుగా కమ్ముకుంటాయి, లోపల పుల్లలే మిగులుతాయి. గన్నేరు మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. కాబట్టి ముసలి కొమ్మల్లో మూడో వంతు ఈ ఏడాది మొదలుదాకా తీసేయండి. మిగతావి వచ్చే రెండేళ్లలో. కాగితం పూలు కొత్త చిగుళ్ల మీదే పూస్తాయి. అందుకే పూత అయిపోయాక, కణుపుకు కాస్త పైన కోయాలి. ముళ్లు జాగ్రత్త!

గోడకు, కొమ్మలకు మధ్య మూరెడు ఖాళీ ఉండాలి. ఏసీ పెట్టె ముందు ఇంకా ఎక్కువ. డ్రిప్ పైపు పునాదిని తడుపుతుంటే దాన్ని గోడకు దూరంగా జరపండి.

ఇక అసలు భయం గన్నేరుతోనే. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పూజకు పువ్వు కోస్తాం కదా, చేతులు కడుక్కోవడం మరవకండి. కోసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. కోసిన కొమ్మలను తగలబెట్టవద్దు, ఆ పొగ కూడా ప్రమాదమే. మేకలకు వేయవద్దు. వేప పుల్లలాగా దాన్ని విరిచి పళ్లు తోమవద్దు. పిల్లలు ఆడుకునే చోట ఒక్క రెమ్మ కూడా మిగలకుండా ఏరేయండి. ఎవరైనా నమిలారని తెలిస్తే, వాంతి అయ్యేదాకా చూస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒక ఆకు కూడా చూపించడానికి పట్టుకెళ్లండి.

కాగితం పూల కొమ్మలు మాత్రం పారేయనక్కరలేదు. ముదిరిన కొమ్మను జానెడు ముక్కలు చేసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. వేరు పట్టినవి పక్కింటివాళ్లకు ఇవ్వండి. గోడకు దూరంగా నాటుకోమని చెప్పండి.