ఒలింపియాడ్ అంటే ఏ ఒలింపియాడ్?

మొన్న సెలవుల్లో ఊరెళ్తే బాబాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏరా, నువ్వు ఒలింపియాడ్లు రాసేవాడివి కదా. మనవాడు కూడా రాస్తానంటున్నాడు. రాస్తే ఏమొస్తుంది?" అని అడిగాడు. మావాడు తొమ్మిదో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూల్. "రాయించు బాబాయ్" అని ఠక్కున అనేశా గానీ, ఏమొస్తుందో చెప్పలేక నీళ్ళు నమిలా. ఆ బాకీ తీర్చడానికే ఇది రాస్తున్నా.

ముందు ఏ ఒలింపియాడో తేల్చుకోవాలి. మా స్కూల్లో ఏటా ఒకటి ఉండేది. ఫీజు కట్టడం, గంటసేపు బిట్లు పెట్టడం, కొన్నాళ్ళకి అసెంబ్లీలో మెడల్. నాకు నాలుగు వచ్చాయి. క్లాసులో దాదాపు అందరికీ వచ్చాయనుకోండి. అమ్మ వాటిని ఇప్పటికీ షోకేసులోంచి తియ్యదు. అవి చెడ్డవని కాదు, కానీ దేశం తరఫున ఆడే ఆట అది కాదు.

అసలుది ఐఎంఓ, అంటే అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్. 1959లో రొమేనియాలో 7 దేశాలతో మొదలైంది, ఇప్పుడు వందకు పైగా దేశాలు వస్తున్నాయి. దేశానికి ఆరుగురు. రెండు రోజులు, రోజుకి నాలుగున్నర గంటలు, మూడేసి లెక్కలు. లెక్కకి 7 చొప్పున మొత్తం 42 మార్కులు. భారత్ 1989 నుంచి వెళ్తోంది. 2024లో ఇంగ్లండులోని బాత్ నగరంలో మనవాళ్ళు నాలుగు బంగారు పతకాలతో నాలుగో స్థానంలో నిలిచారు.

అక్కడిదాకా వెళ్ళే మెట్లలో మొదటిది ఐఓక్యూఎం. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు రాయొచ్చు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు, నెగెటివ్ మార్కింగ్ లేదు. ఆప్షన్లూ ఉండవు! జవాబు 00 నుంచి 99 లోపు ఏదో ఒక అంకె, అది మనమే బబుల్ చెయ్యాలి. గుడ్డిగా గీస్తే తగిలే అవకాశం నూటికి ఒకటి. అది దాటితే ఆర్ఎంఓ, తర్వాత ఐఎన్‌ఎంఓ, ఆ తర్వాత శిక్షణ శిబిరం, చివరికి ఆరుగురు. ఆర్ఎంఓ నుంచి పై మెట్లు నడిపించేది ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్.

నేను ఇంటర్ ఫస్టియర్‌లో రెండో మెట్టు దాకా వెళ్ళా. ఆ ఆదివారం కాలేజీలో వీకెండ్ టెస్ట్ ఉంది. పర్మిషన్ అడిగితే "దానికి ఎంసెట్‌లో వెయిటేజీ ఉందా?" అన్నారు. జ్వరమని అమ్మ చేత లెటర్ రాయించుకుని వెళ్ళా. ఆరు లెక్కల్లో రెండింటికి జవాబు దొరికింది. బిట్టు పెట్టినట్టే చివరి అంకె రాసి, చుట్టూ డబ్బా గీసి, సంతోషంగా బయటికొచ్చా. సెలెక్ట్ కాలేదు. ఎందుకో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. అక్కడ అడిగేది జవాబు కాదు, "ఎందుకు?" అని. పన్నెండేళ్ళ చదువులో ఆ ప్రశ్నకి పేజీ నిండా జవాబు రాసిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆ తేడా తెలియాలంటే ఒక పాత లెక్క చూడండి. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో మీకు నచ్చిన 51 తీసుకోండి. వాటిలో ఒకటి ఇంకొకదాన్ని శేషం లేకుండా భాగించే జత కచ్చితంగా ఉంటుందని నిరూపించాలి. ఉదాహరణలు చూసుకుంటూ పోతే ఈ జన్మకి అవ్వదు. ఇలా చెయ్యండి: ప్రతి సంఖ్యనీ, బేసి సంఖ్య వచ్చేదాకా సగం చేస్తూ పోండి. 48 అయితే 24, 12, 6, చివరికి 3. 80 అయితే 5 దగ్గర ఆగుతుంది. 100 లోపు బేసి సంఖ్యలు 50 మాత్రమే. మన దగ్గరున్నవి 51. కాబట్టి ఏవో రెండు ఒకే బేసి సంఖ్య దగ్గర ఆగాలి, 12, 48 రెండూ 3 దగ్గర ఆగినట్టు. అంటే ఆ రెండింటికీ తేడా 2తో ఎన్నిసార్లు గుణించామన్నదే. చిన్నది పెద్దదాన్ని భాగించక ఏం చేస్తుంది?

దీని వెనకున్నది పావురాల గూళ్ళ సూత్రం. గూళ్ళ కన్నా పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూట్లో రెండు దూరాలి. మన డిస్క్రీట్ మ్యాథ్స్‌లో అది రెండు మార్కుల డెఫినిషన్, అంతే!

ఇక బాబాయి ప్రశ్న. ఎంసెట్‌లో వెయిటేజీ ఎప్పటికీ రాదేమో. పై మెట్లెక్కితే దారులున్నాయి: చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఒలింపియాడ్ వాళ్ళని వేరేగా చూస్తుంది, ఐఐటీ కాన్పూర్ కూడా 2025లో అలాంటి సీట్లు మొదలుపెట్టింది. కానీ అక్కడిదాకా వెళ్ళేది చాలా కొద్దిమంది. మొదటి మెట్టు మీదే ఆగిపోయే మావాడి లాంటి వాళ్ళకి ఏమొస్తుంది అన్నదే బాబాయి అడిగింది.

ఆ రాత్రి డాబా మీద వాడికి ఈ 51 లెక్క చెప్పా. నాకు "ఆడ్ నంబర్", "ఫ్యాక్టర్" తప్ప నోట్లోంచి రావట్లేదు. వాడి పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటాయి కాబట్టి "బేసి అన్నయ్యా, కారణాంకం అన్నయ్యా" అని వాడే అందించాడు. అంతా విని ఊఁ కొట్టి పడుకున్నాడు. అర్థం కాలేదనుకున్నా.

పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే నోట్‌బుక్ పట్టుకొచ్చాడు. "అన్నయ్యా, 51 ఎందుకు? 50 తీసుకుంటే కుదరదా అని చూశా. 51 నుంచి 100 దాకా మొత్తం తీసేసుకుంటే సరిగ్గా 50. వాటిలో ఒక్క జతా లేదు. 51కి రెట్టింపే 102 కదా, నూరు దాటిపోయింది." బాబాయి పక్కనే పేపర్ చదువుతున్నాడు. పేపర్ మడిచి, "అప్లికేషన్‌కి చివరి తేదీ ఎప్పుడ్రా?" అన్నాడు.