మార్పులు చేసిన కార్లలో క్లచ్ వైఫల్యం: కారణాలు, నిర్ధారణ, నివారణ

కారు వేగాన్ని, పికప్‌ను పెంచుకోవాలన్న ఆసక్తి యువతలో సహజం. కొందరు ఇంజన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌ను మార్పిస్తారు. కొందరు టర్బో పీడనాన్ని పెంచుతారు. మరికొందరు పెద్ద టైర్లు వేయిస్తారు. ఇలాంటి మార్పుల తర్వాత చాలాసార్లు ముందుగా దెబ్బతినేది ఇంజన్ కాదు, క్లచ్. కొత్త ప్లేటు వేయించినా కొద్ది నెలలకే మళ్లీ అదే ఇబ్బంది ఎదురవుతుంది. ప్లేటు నాసిరకమని అందరూ అనుకుంటారు. అసలు కారణం చాలావరకు వేరేచోట ఉంటుంది. దాన్ని ఎలా కనిపెట్టాలో, ఎలా నివారించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

క్లచ్ ఎంత టార్క్‌ను మోయగలదు?

ఇంజన్‌కు బిగించిన ఫ్లైవీల్‌కు, ప్రెషర్ ప్లేటుకు మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. దానికి రెండు వైపులా ఘర్షణ లైనింగ్ ఉంటుంది. డయాఫ్రం స్ప్రింగు ఈ మూడింటినీ గట్టిగా అదిమి ఉంచడం వల్ల ఇంజన్ టార్క్ గేర్‌బాక్స్‌కు చేరుతుంది. పెడల్ నొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ఆ స్ప్రింగు వేళ్లను నెడుతుంది. అప్పుడు పట్టు విడిపోతుంది.

క్లచ్ మోయగల గరిష్ఠ టార్క్‌ను ఇలా లెక్కించవచ్చు:

టార్క్ సామర్థ్యం = ఘర్షణ గుణకం × అదిమే బలం × సగటు వ్యాసార్థం × 2

లైనింగ్ రెండు వైపులా ఉంది కాబట్టి 2తో గుణిస్తున్నాం.

ఒక ఉదాహరణ చూద్దాం. మన రోడ్లపై విరివిగా తిరిగిన 1.3 లీటర్ల స్విఫ్ట్ డీజిల్ ఇంజన్ గరిష్ఠ టార్క్ 190 న్యూటన్ మీటర్లు. అలాంటి ఇంజన్‌కు అమర్చిన ఒక క్లచ్‌లో ఘర్షణ గుణకం 0.3, అదిమే బలం 5000 న్యూటన్లు, సగటు వ్యాసార్థం 0.09 మీటర్లు అనుకుందాం. దాని సామర్థ్యం 270 న్యూటన్ మీటర్లు అవుతుంది. అంటే అవసరానికి మించి దాదాపు 40 శాతం మిగులు ఉంది. ఈ మిగులు వృథా కాదు. లైనింగ్ బాగా వేడెక్కినప్పుడు ఘర్షణ గుణకం 0.25కు పడిపోయిందనుకోండి. సామర్థ్యం 225 అవుతుంది. అప్పటికీ 190ని సునాయాసంగా మోస్తుంది.

ఇప్పుడు ప్రోగ్రామ్ మార్చి టార్క్‌ను 230కి పెంచామనుకుందాం. చల్లగా ఉన్నప్పుడు క్లచ్ బాగానే పనిచేస్తుంది. వేడెక్కగానే 225కు దిగి, జారడం మొదలవుతుంది. జారితే ఇంకా వేడి పుడుతుంది. వేడి పెరిగితే ఇంకా జారుతుంది. ఈ విషవలయంలో లైనింగ్ త్వరగా మాడిపోతుంది. గ్యారేజీలో బాగున్న కారు ఘాట్ రోడ్డు మీద మొరాయించడానికి కారణం ఇదే.

పెద్ద టైర్లతో పెరిగే వేడి

ఇంజన్ టార్క్ పెంచకపోయినా క్లచ్ దెబ్బతినవచ్చు. కారు కదిలే క్షణంలో ఇంజన్ తిరుగుతూ ఉంటుంది, చక్రాలు ఆగి ఉంటాయి. రెండు వేగాలూ కలిసేవరకు క్లచ్ జారక తప్పదు. చదునైన రోడ్డుపై, ఇంజన్ వేగం స్థిరంగా ఉంటే, ఈలోగా క్లచ్‌లో పుట్టే వేడి ఆ వేగం వద్ద కారు పొందిన గతిజశక్తికి సుమారు సమానం. 1000 కిలోల కారు గంటకు 15 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి క్లచ్‌లో దాదాపు 8,700 జౌళ్ల వేడి పుడుతుంది.

టైరు వ్యాసార్థం 10 శాతం పెరిగితే వేగాలు కలిసే స్థానం కూడా 10 శాతం పైకి జరుగుతుంది. గతిజశక్తి వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక వేడి 21 శాతం పెరుగుతుంది. ట్రాఫిక్‌లో వందలసార్లు ఆగి బయలుదేరే కారుకు ఇది చిన్న భారం కాదు.

లక్షణాలను బట్టి నిర్ధారణ

1. జారడం: పై గేరులో మధ్యస్థ వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజన్ చప్పుడు పెరిగి, కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లే. ఈ పరీక్ష ఖాళీ రోడ్డుపైనే చేయాలి.

2. విడిపోకపోవడం: పెడల్ పూర్తిగా నొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ గేరు వేయండి. కరకరమంటే పట్టు పూర్తిగా విడిపోలేదని అర్థం. కేబుల్ సాగడం, హైడ్రాలిక్ గొట్టంలో గాలి చేరడం, ప్లేటు వంగడం ఇందుకు కారణాలు.

3. వణుకు: బయలుదేరేటప్పుడు కారు అదిరితే లైనింగ్‌పై ఆయిల్ పడి ఉండవచ్చు, లేదా ఫ్లైవీల్ ఉపరితలం చెడి ఉండవచ్చు. ఇంజన్ మౌంటింగులు వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. కాబట్టి గేర్‌బాక్స్ దించే ముందు వాటిని చూడాలి.

4. శబ్దం: పెడల్ నొక్కినప్పుడు శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. న్యూట్రల్‌లో వచ్చే శబ్దం పెడల్ నొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ను అనుమానించాలి.

విప్పిన భాగాలు చెప్పే సాక్ష్యం

పాత భాగాలను పారేయకుండా పరిశీలించాలి. ఫ్లైవీల్‌పై నీలిరంగు మచ్చలుంటే అతిగా వేడెక్కిందని అర్థం. లైనింగ్ తడిగా ఉంటే ఆయిల్ సీల్ కారుతోంది. సీల్ మార్చకుండా ప్లేటు మార్చితే ప్రయోజనం లేదు. ప్లేటు మధ్యలోని స్ప్రింగులు విరిగితే టార్క్ ఒక్కసారిగా కుదుపుతో వచ్చిపడుతోందని అనుమానించాలి. ఇంజన్ వేగం పెంచి పెడల్‌ను హఠాత్తుగా వదిలే అలవాటు ఇందుకు ముఖ్య కారణం. విప్పేటప్పుడు దుమ్మును గాలితో ఊదకూడదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

నివారణ: ఒక్క భాగం బలపడితే చాలదు

క్లచ్ జారుతోందని చాలామంది గట్టి ప్రెషర్ ప్లేటు వేయిస్తారు. అదిమే బలం పెరుగుతుంది, జారడం ఆగుతుంది. కానీ ఆ గట్టి స్ప్రింగును నెట్టే భారమంతా కేబుల్, ఫోర్క్, రిలీజ్ బేరింగ్‌ల మీద పడుతుంది. పెడల్ నొక్కిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ థ్రస్ట్ బేరింగ్‌పై కూడా ఒత్తిడి పెరుగుతుంది. మధ్యలో స్ప్రింగులు లేని ప్లేటు వేస్తే కుదుపులు నేరుగా గేర్‌బాక్స్‌కు చేరతాయి. తేలికైన ఫ్లైవీల్ తక్కువ వేడికే ఎక్కువ ఉష్ణోగ్రతకు చేరుతుంది. అంటే ఒక బలహీనతను సరిచేస్తే భారం పక్క భాగానికి మారుతుంది. అందుకే మార్పుకు ముందే మొత్తం వ్యవస్థను లెక్కలోకి తీసుకోవాలి.

ఫ్లైవీల్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 25 సెంటీమీటర్ల వ్యాసం గల ఫ్లైవీల్ నిమిషానికి 6000 సార్లు తిరిగితే దాని అంచు గంటకు 280 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. పోత ఇనుప ఫ్లైవీల్‌ను బరువు తగ్గించడానికి ఇష్టం వచ్చినట్లు చెక్కిస్తే అది పగిలే ప్రమాదం ఉంది. ఆ ముక్కలు కారు లోపలి మనుషులను గాయపరచగలవు.

రోజువారీ జాగ్రత్తలు కూడా ముఖ్యమే. పెడల్‌పై పాదం ఆనించి నడపకూడదు. ఎత్తు రోడ్డుపై కారును హాఫ్ క్లచ్‌తో నిలపకుండా హ్యాండ్‌బ్రేక్ వాడాలి. కేబుల్ ఉన్న కార్లలో ఫ్రీ ప్లే తయారీదారు చెప్పినంత ఉంచాలి.

చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది.

ముఖ్యాంశం

క్లచ్ ఒక వినిమయ భాగం మాత్రమే కాదు, ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య సమతూకాన్ని తెలిపే సూచిక కూడా. అది పదేపదే చెడిపోతుంటే ప్లేటు మార్చడంతో ఆగకుండా, ఆ సమతూకం ఎక్కడ తప్పిందో వెతకాలి.

ఆలోచించండి

1. పై ఉదాహరణలో లైనింగ్‌పై ఆయిల్ పడి ఘర్షణ గుణకం 0.2కు తగ్గితే, మార్పులు చేయని 190 న్యూటన్ మీటర్ల ఇంజన్‌నైనా ఆ క్లచ్ మోయగలదా?

2. కారు బరువు 1000 నుంచి 1500 కిలోలకు పెరిగితే, బయలుదేరేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి ఎంత శాతం పెరుగుతుంది?